కోటికి నాలుగు.. ఆ నాలుగులో నేనుంటే?

ఈ కాలమ్‌లో నేను మామూలుగా రాసేవేంటో మీకు తెలుసు. ఆఫీసు గోల, హాస్టల్ సాంబారు, ఊరికెళ్తే ‘ప్యాకేజీ ఎంత’ అని అడిగే చుట్టాలు. ఈ వారం రాస్తున్నది మాత్రం ఏడాదిగా డ్రాఫ్ట్‌లోనే పడి ఉంది. మూడుసార్లు తెరిచి మూసేశా. మొన్న నా కాలేజీ జూనియర్ ఒకడు రాత్రి రెండింటికి ‘అన్నా, ఒకటి అడగాలి, ఎవరికీ చెప్పొద్దు’ అని మెసేజ్ పెట్టాడు. వాడు అడిగింది చదివాక నవ్వు రాలేదు, జాలి కూడా వేయలేదు. పాత ఫొటో చూసినట్టనిపించింది. వాడికి రాసిన జవాబునే కాస్త పెంచి ఇక్కడ పెడుతున్నా. మా అమ్మ ఫోన్‌లో వీక్లీలు చదవదు. చదివితే చదవనీ.

పోయినేడు ఆగస్టులో ఆఫీసు పని మీద పుణె వెళ్లా. అక్కడ ఒకమ్మాయి. యాప్‌లో పరిచయం, అప్పటికి మూడు వారాలుగా మాట్లాడుకుంటున్నాం. శనివారం సాయంత్రం కలిశాం, తిన్నాం, బాగా నవ్వుకున్నాం. ఆ రాత్రి జరిగింది ఇద్దరికీ ఇష్టమయ్యే జరిగింది. కండోమ్ వాడాం. మెడికల్ షాపులో కొన్నది, ఎక్స్‌పైరీ డేట్ దాటనిది. మొదట్నుంచి చివరిదాకా ఉంది, చినగలేదు, జారలేదు. ఈ సంగతులు గుర్తుపెట్టుకోండి. నేనే మర్చిపోయా.

ఆదివారం బాగానే ఉన్నా. సోమవారం హైదరాబాద్ వచ్చేశా. మంగళవారం రాత్రి బ్రష్ చేసుకుంటుంటే నురగలో కొంచెం రక్తం కనిపించింది. చిగుళ్లలోంచి రక్తం రావడం నాకు ఇంటర్ నుంచీ ఉన్నదే. అయినా ఆ రాత్రి అది వేరేలా కనిపించింది. మంచమెక్కి ఫోన్ తీసి టైప్ చేశా: కండోమ్ వాడినా హెచ్‌ఐవీ వస్తుందా?

తెల్లారింది. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. బయటపడే దారి రాయని లూప్ ఎలా తిరుగుతుందో కోడ్ రాసేవాళ్లకి తెలుసు. ప్రతి జవాబు ఇంకో ప్రశ్న పుట్టించింది. పొద్దున ఎనిమిదింటికి, రిస్క్ జరిగిన 72 గంటల్లోపు మొదలుపెడితే హెచ్‌ఐవీని ఆపగలిగే మందులున్నాయని చదివా. వేళ్ల మీద లెక్కేశా. అప్పటికి 81 గంటలు. నోరు ఎండిపోయింది. ఆ మందులు నాకు అవసరమే లేవని, కండోమ్ సరిగ్గా ఉన్నప్పుడు డాక్టర్లు వాటిని రాయరని అదే పేజీలో కింద ఉంది. కిందికి ఎవడు చదివాడు?

ఆ పొద్దునే ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది. మంచిగా చేరావా, ఆఫీసులో బిజీనా అని. జవాబివ్వలేదు. మర్నాడు ఇంకోటి పెట్టింది. బ్లాక్ చేశా. ఎందుకు చేశానో అప్పుడు అడిగితే చెప్పలేకపోయేవాణ్ని. ఇప్పుడు చెప్పగలను. మూడు వారాలు నన్ను నవ్వించిన మనిషి ఆ రెండు రోజుల్లో నా బుర్రలో ఒక జబ్బు పేరుగా మారిపోయింది. ఆమెకి ఏ జబ్బూ ఉందని ఎవరూ చెప్పలేదు. ఒక రాత్రి నాతో ఉంది, అంతే. అదే రాత్రి నేనూ ఆమెతో ఉన్నాను. భయపడే వంతు ఆమెకీ ఉంటుందని, తను కూడా అద్దం ముందు నిలబడి నా గురించి ఇదే అనుకుంటుండొచ్చని ఒక్కసారి కూడా తట్టలేదు.

నేను భయమేస్తే ఎక్సెల్ తెరిచే రకం. తెరిచా. 2021 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 0.21 శాతం. తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. ఎక్కువే అనుకుందామని అర శాతం వేశా, అంటే 200 మందిలో ఒకరు. ఎదుటివాళ్లకి వైరస్ ఉండి, మందులు వాడకుండా, కండోమ్ కూడా లేకుండా ఒకసారి కలిస్తే మగవాడికి సోకే అవకాశం అమెరికా సీడీసీ లెక్కలో పదివేలకు 4. ఆడవాళ్లకైతే పదివేలకు 8. భయపడే హక్కు నాకన్నా ఆమెకే రెట్టింపు ఉందన్నమాట, అది కూడా అప్పుడు చూసీ చూడనట్టు వదిలేశా. ఇక కండోమ్ రక్షణ 80 శాతం అని రాసుంది.

ఈ 80 దగ్గర చాలామంది పడిపోతారు, నేనూ పడ్డా. వంద మంది వాడితే 20 మందికి వస్తుందని కాదు దానర్థం. భార్యాభర్తల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉన్న జంటల్ని ఏళ్ల తరబడి గమనించి, ఎప్పుడూ వాడతామన్నవాళ్లనీ అసలు వాడనివాళ్లనీ పోల్చి తీసిన సంఖ్య అది. అందులో చినిగినవీ ఉన్నాయి, సగంలో తొడిగినవీ ఉన్నాయి, వాడామని చెప్పి వాడనివీ ఉన్నాయి. చినగకుండా, జారకుండా చివరిదాకా ఉన్న లేటెక్స్ పొరలోంచి వైరస్ దాటదు. కంపెనీలో ప్రతి కండోమ్‌కీ కరెంటుతో రంధ్రాల పరీక్ష చేసే బయటికి పంపుతారు. మా టీమ్‌లో ప్రతి కోడ్ లైన్‌కీ అంత పరీక్ష జరిగితే శుక్రవారం రాత్రులు ప్రశాంతంగా పడుకునేవాళ్లం.

అయినా ఎక్సెల్‌లో ఆ 80నే వేశా. మొత్తం గుణిస్తే 0.0000004 వచ్చింది. కోటికి నాలుగు. పది నిమిషాలు హాయిగా ఊపిరి పీల్చుకున్నా. పదకొండో నిమిషంలో మనసు అడిగింది: ఆ నాలుగులో నువ్వుంటే? ఈ ప్రశ్నకి ఎక్సెల్‌లో ఫార్ములా లేదు. కోటికి నాలుగన్నా, వంద కోట్లకి నాలుగన్నా ఆ ప్రశ్న మారదు.

తర్వాత ఒళ్లు మొదలుపెట్టింది. సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దుర్లు, మెడలో గడ్డలు వస్తాయని చదివా. ఆగస్టులో, హైదరాబాద్‌లో, వైరల్ జ్వరాల సీజన్‌లో! మా ఫ్లోర్‌లో సగం మందికి గొంతునొప్పి. థర్మామీటర్ కొని రోజుకి ఆరుసార్లు పెట్టుకున్నా. మెడ కింద గడ్డ ఉందేమోనని నొక్కీ నొక్కీ నిజంగానే అక్కడ నొప్పి తెచ్చుకున్నా. నాలుక ఫొటోలు తీసి నిన్నటి నాలుకతో పోల్చుకున్నా. ఆ ఫొటోలు నా ఫోన్‌లో ఇప్పటికీ ఎక్కడో ఉన్నాయి. పొరపాటున ఎవరైనా గ్యాలరీ తెరిస్తే హెచ్‌ఐవీ ఉందంటే నమ్మరు గానీ పిచ్చి ఉందంటే నమ్ముతారు. నిద్ర లేక, తిండి సరిగ్గా తినక నాలుగు కిలోలు తగ్గా. బరువు తగ్గడం కూడా లక్షణాల లిస్టులో ఉంది చూడండి. భయం తన సాక్ష్యాల్ని తనే తయారుచేసుకుంటుంది.

తొమ్మిదో రోజు ఇంటికొచ్చి రక్తం తీసుకునే ల్యాబ్‌లో టెస్టు బుక్ చేశా. నాన్ రియాక్టివ్. ఆ ఊరట నాలుగు గంటలు ఉంది. తర్వాత విండో పీరియడ్ గురించి చదివా. వైరస్ ఒంట్లోకి వచ్చాక టెస్టుకి దొరికేంతగా తయారవడానికి పట్టే టైమ్ అది. ల్యాబుల్లో ఇప్పుడు ఎక్కువగా చేసే నాలుగో తరం టెస్టుకైతే 18 నుంచి 45 రోజులు. యాంటీబాడీలను మాత్రమే చూసే ర్యాపిడ్ టెస్టుకి 23 నుంచి 90 రోజులు. కాబట్టి తొమ్మిదో రోజు టెస్టు దేనికీ పనికిరాదు, బిల్డ్ పూర్తికాకముందే టెస్ట్ కేసులు రన్ చేయడం లాంటిది. ఇరవై ఎనిమిదో రోజు మళ్లీ చేయించా. మళ్లీ నెగెటివ్. ఈసారి ఊరట ఒక పూట. శాంపిల్ మారిపోయుంటే? పేరు తప్పు రాసుంటే?

ఇదంతా ఎక్కడినుంచి వచ్చిందని ఇప్పుడు ఆలోచిస్తే మా ఊరు గుర్తొస్తుంది.

మాది దేవరకొండ దగ్గర పల్లె. నల్గొండ జిల్లా అంటే బయటివాళ్లకి ఫ్లోరైడ్ నీళ్లు గుర్తొస్తాయి, విజయవాడ హైవే గుర్తొస్తుంది. మా దిక్కు ఇంటికొకరు లారీ మీదనో, మట్టిపని మీదనో బయట ఉండేవాళ్లు. నాకు ఆరేళ్లప్పుడు మా వాడకట్టులో ఒక లారీ డ్రైవరు చనిపోయాడు. ఎండిపోయి, మంచానికి అతుక్కుపోయి పోయాడు. ‘ఆ జబ్బు’ అనేవాళ్లు, పేరు పలికేవాళ్లు కాదు. పాడె మోయడానికి నలుగురు దొరకలేదని మా నాయన ఇప్పటికీ చెప్తాడు. మా నాయన పోయాడు. వచ్చాక మా నాయనమ్మ ఆయన్ని ఇంట్లోకి రానివ్వకుండా బయటే రెండుసార్లు స్నానం చేయించింది. ఆ రోజుల్లోనే రాష్ట్రమంతా హోర్డింగులు: పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? నల్గొండ బస్టాండ్ దగ్గర అది చదివి, పులిరాజా ఎవరు నాయనా అని అడిగితే మా నాయన నా చెయ్యి పట్టి గుంజుకుపోయాడు. మాలో చాలామందికి ఈ విషయంలో మొదటి పాఠం ఆ హోర్డింగే. రెండోది పదో తరగతి జీవశాస్త్రంలో. సారు ఆ పేజీలు ‘ఇంటికాడ చదువుకోండ్రి’ అని వదిలేశాడు. మూడోది బీటెక్‌లో డిసెంబరు 1న ఎర్ర రిబ్బను పెట్టుకుని తీసిన ర్యాలీ. అటెండెన్స్ ఇస్తారంటే వెళ్లాం.

మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలైంది 2004 ఏప్రిల్ 1న. మా వాడకట్టు డ్రైవరు పోయింది దానికి ముందు చలికాలంలో. అప్పటి నుంచి ఈ జబ్బు చాలా మారిపోయింది. హైదరాబాద్ చుట్టుపక్కల కంపెనీలు ఆ మందులు తయారుచేసి ఆఫ్రికా దాకా పంపుతున్నాయి. నా బుర్రలో మాత్రం ఆ మంచమే ఉంది.

దసరాకి వారం ముందే వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఊరికొచ్చా. ఇల్లంతా తంగేడు పూలు, గునుగు పూలు. అమ్మ బతుకమ్మ పేర్చే హడావుడిలో ఉంది. మిర్యాలగూడ సంబంధం ఒకటొచ్చిందని, పండగ పోయినాక చూడటానికి వెళ్దామని నాయన అన్నాడు. తలూపా. మా అక్క కూతురికి నాలుగేళ్లు. నేను ఐస్‌క్రీమ్ తింటుంటే వచ్చి నోరు తెరిచింది, మామా నాకు అని. చెంచా దాని నోటి దాకా పోయింది. ఠక్కున వెనక్కి లాగేసి, చెంచా పారేశా. పిల్ల బిత్తరపోయి ఏడ్చింది. ఏమైందిరా, ఎంగిలికి ఎన్నడన్నా పట్టింపు చేసినవా నువ్వు అని అక్క అడిగింది.

ఎంగిలితో హెచ్‌ఐవీ రాదు. ఒకే కంచంలో తింటే రాదు, ముట్టుకుంటే రాదు, దోమ కుడితే రాదు. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నీ తెలిసి, రెండు నెగెటివ్ రిపోర్టులు ఫోన్‌లో పెట్టుకుని, నాలుగేళ్ల పిల్లని ఏడిపించా. మా నాయనమ్మ 2004లో చేసిందే నేనూ చేశా. ఆమెకి చదువు లేదు, అదొక్కటే తేడా.

మర్నాడు పొద్దున పని ఉందని చెప్పి బస్సెక్కా. నల్గొండ పెద్దాసుపత్రికి పోవచ్చు. కానీ అక్కడ మా చిన్నాయన తోడల్లుడు పనిచేస్తాడు, మా ఊరోళ్లు రోజుకొకరు ఓపీలో ఉంటారు. అందుకే కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్. పాలమూరులో నన్నెరిగినవాళ్లు ఎవరూ లేరు. కిటికీ పక్కన కూర్చుని లెక్కేసుకున్నా, 52వ రోజు.

ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఐసీటీసీ ఎక్కడని అడగడానికే ధైర్యం చాలక బోర్డులు చదువుకుంటూ తిరిగా. హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, టెస్టు రెండూ చేసే గది అది. పెద్దాసుపత్రులన్నింట్లో ఉంటుంది, పైసా తీసుకోరు. బయట బెంచీ మీద ఒక పెద్దాయన. తెల్ల ధోతి, భుజాన తువ్వాల, ఒళ్లో ప్లాస్టిక్ సంచి. పక్కన కూర్చున్నా.

‘‘ఏ ఊరు బిడ్డా?’’

‘‘దేవరకొండ దిక్కు.’’

‘‘గంత దూరంకెల్లి ఈడికొచ్చినవా?’’ అని నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. ‘‘నేను గూడ మొదట్ల గిట్లనే. ఈ గోలీల కోసం వేరే జిల్లాకు పోయేటోణ్ని, మా ఊరోళ్ల కండ్లవడొద్దని. ఛార్జీలకే సగం పైసలు ఒడిసేటివి. గిప్పుడు ఈడికే వస్తున్న. ఎవ్వడేమన్నా పట్టించుకోను.’’

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు, కాలువలు, రోడ్లు ఎక్కడ కట్టినా మన మహబూబ్‌నగర్ మట్టిపని గుంపులు ఉండేవి. ఈయనా అలా బొంబాయి, పుణె తిరిగొచ్చిన మనిషే. పుణె పేరు వినగానే నా కడుపులో ఏదో అయింది. పదిహేనేళ్లుగా రోజూ రాత్రి అన్నం తిన్నాక గోలీ వేసుకుంటున్నాడట. రెండెకరాల పత్తి, రెండు బర్రెలు. భార్యకి లేదు. పిల్లలకి లేదు. పెద్దోడి పెళ్లి కూడా చేశాడు. ‘‘వైరల్ లోడ్ అంటరు గద, గది నా రక్తంల కానొస్తలేదంట. నానుంచి ఇంకొగళ్లకు పోదని మేడమ్ చెప్పింది’’ అన్నాడు.

ఆయన ఆ నాలుగు ముక్కల్లో చెప్పింది సైన్సు ఎన్నో ఏళ్లు పరీక్షించి తేల్చిన సంగతి. మందులు క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ టెస్టుకి దొరకనంత తగ్గిపోతే, శృంగారం ద్వారా అది ఇంకొకరికి సోకదు. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి ఇంకొకరికి లేని మగ జంటలు కండోమ్ లేకుండా డెబ్భై వేలసార్లకు పైగా కలిసినా ఒక్కరికి కూడా భాగస్వామి నుంచి సోకలేదని 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. దాన్ని నేను ఇంగ్లిష్‌లో చదివి, నమ్మకుండా, మళ్లీ వెతుక్కున్నా. ఆయన మేడమ్ మాట విని ఇంటికెళ్లి బర్రెల పాలు పిండుకున్నాడు.

నేనేమీ చెప్పకముందే ఆయనే అన్నాడు: ‘‘నీకుందో లేదో నాకెర్కలేదు గని బిడ్డా, మొకం జూస్తె నాకంటె రోగిష్టోని లెక్కున్నవ్.’’

లోపలికి పిలిచారు. కౌన్సెలర్ మేడమ్‌కి నలభై ఐదుంటాయి. తలుపు వేసింది. ఇక్కడ చెప్పింది గది దాటి పోదని, నేను ఒప్పుకుంటేనే టెస్టు చేస్తారని ముందే చెప్పింది. అది ఆమె మంచితనమొక్కటే కాదు, చట్టం. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఒప్పుకోకుండా టెస్టు చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, ఉద్యోగం ఇవ్వడానికి ఈ టెస్టు షరతు పెట్టకూడదు. మన కంపెనీల హెచ్‌ఆర్‌లకి కూడా ఇది తెలిస్తే బాగుంటుంది.

పుణె నుంచి ఐస్‌క్రీమ్ దాకా అంతా చెప్పా. గంట పట్టిందనుకున్నా, గడియారం చూస్తే పన్నెండు నిమిషాలు. 52 రోజుల్లో ఆ మాటలు నా నోటి నుంచి బయటికి రావడం అదే మొదటిసారి. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. అయిపోయాక మూడే అడిగింది.

‘‘కండోమ్ చినిగిందా?’’

‘‘లేదు మేడమ్.’’

‘‘జారిపోయిందా?’’

‘‘లేదు.’’

‘‘మొదట్నుంచి చివరిదాకా ఉందా?’’

‘‘ఉంది.’’

‘‘మరి దేనికొచ్చినవ్ తమ్మీ?’’

నా దగ్గర జవాబు లేదు. ఆమే చెప్పింది. నీకు ఈ టెస్టు అవసరం లేదు, నువ్వు చెప్పినదాంట్లో రిస్కే లేదు. ఇంత దూరం వచ్చావు గనక చేస్తా, కానీ ఇదే ఆఖరుది. వచ్చేవాళ్లలో నీలాంటి పిల్లలు చాలామంది, వేరే జిల్లాల నుంచి వస్తారు, నిజంగా రావాల్సినవాళ్లేమో రారు అంది. తప్పు చేశానని అనుకుంటున్నావా అని అడిగింది. తెలీదన్నా. ఆ ముక్కకి రక్తపరీక్ష లేదు తమ్మీ, అది నువ్వే తేల్చుకోవాలె అంది. రాత్రి పూట ఇదే పనిగా ఆలోచనలొస్తే 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు అని ఒక చీటీ మీద నంబరు రాసిచ్చింది.

రక్తం తీశారు. అక్కడ చేసేది ర్యాపిడ్ టెస్టు. మొదటి కిట్‌లో రియాక్టివ్ వస్తే వేరే రకం కిట్‌లతో ఇంకో రెండుసార్లు చేసి చూశాకే పాజిటివ్ అని చెప్తారు. ఒక్క గీత చూసి ఎవరి మీదా ముద్ర వేయరు. కాసేపటికి పిలిచి నెగెటివ్ కాగితం చేతిలో పెట్టింది. నిజంగా రిస్కున్నవాళ్లనైతే మూడు నెలలకి మళ్లీ రమ్మంటాం, నిన్ను రమ్మనట్లేదు అంది. బయటికొస్తే బెంచీ ఖాళీగా ఉంది. పెద్దాయన వెళ్లిపోయాడు.

బస్సులో నిద్రపోయా. కల్వకుర్తిలో కండక్టర్ లేపాడు.

అక్కడితో అంతా తీరిపోయిందని రాస్తే అబద్ధం. మూడోరోజు రాత్రి చెయ్యి మళ్లీ ఫోన్ మీదికి పోయింది. టైప్ చేయడం మొదలుపెట్టి ఆపేసి, 14416కి చేశా. అవతలివాళ్లు కొత్త సంగతేమీ చెప్పలేదు. వెతకాలనిపించినప్పుడు వెంటనే వెతక్కుండా పావుగంట ఆగి చూడమన్నారు. మరుసటి వారం అరగంట. థర్మామీటర్ అక్కకిచ్చేశా. డిసెంబరు నాటికి రోజులు లెక్కపెట్టడం మానేశానని ఒక పొద్దున గమనించా. మిర్యాలగూడ సంబంధం వేరే కారణంతో కుదర్లేదు, ఆ కథ ఇంకో వారం.

నా జూనియర్‌కి రాసిందాంట్లో మిగతాది ఇది. తమ్మీ, నీది చినగకపోతే పడుకో. నిజంగా చినిగినా, జారినా, అసలు వాడకపోయినా గూగుల్ చేస్తూ కూర్చోకు. 72 గంటల్లోపు, ఎంత తొందరగా పోతే అంత మంచిది, ఏఆర్‌టీ సెంటర్‌కో పెద్దాసుపత్రి క్యాజువాల్టీకో పో. 28 రోజులు మందులు వేసుకోవాలి, మధ్యలో ఆపొద్దు. ఎక్కడికి పోవాలో తెలీకపోతే 1097కి ఫోన్ చెయ్, ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం. కొబ్బరినూనె, వాజలీన్ లాంటివి కండోమ్‌తో వాడకు, నూనె తగిలితే లేటెక్స్ బలం పోతుంది. పర్సులో నెలల తరబడి మడిచి పెట్టుకున్నది వాడకు. టెస్టు చేయించుకోవాలనిపిస్తే 45 రోజులు దాటాక ల్యాబ్‌లో నాలుగో తరం టెస్టు ఒక్కసారి, లేకపోతే మూడు నెలలకి ఐసీటీసీలో ఒక్కసారి. తొమ్మిదో రోజు చేయించకు, డబ్బులు దండగ. ఒకవేళ పాజిటివ్ వచ్చినా అదే ఆసుపత్రిలో మందులు మొదలుపెడతారు, ఉచితంగా. పాలమూరులో రెండెకరాల పత్తి వేసిన మనిషిని నా కళ్లతో చూశా.

వాడు వెంటనే అడిగాడు, ‘అన్నా, ఆ అమ్మాయికి ఏమని చెప్పాలి?’ అని. వాడూ బ్లాక్ చేశాడట.

నేనైతే సంక్రాంతి తర్వాత అన్‌బ్లాక్ చేశా. ఏం రాయాలో మూడు రోజులు ఆలోచించి చివరికి ఇంతే పంపా: చెప్పకుండా మాయమైపోయా, నీ తప్పేం లేదు, నేను భయపడ్డా, సారీ. రెండు టిక్కులు పడ్డాయి, నీలం అయ్యాయి. అరగంటకి జవాబొచ్చింది. తను కూడా ఆగస్టులో రెండుసార్లు టెస్టు చేయించుకుందట. రెండోసారి ఒక్కతే వెళ్లిందట, నేను ఫోన్ ఎత్తుతానేమో అనుకుని ముందు నాకే చేసిందట.